మొజరెల్లా స్టిక్స్ - పోషక విలువలు

మొజరెల్లా స్టిక్స్ అనేవి మొజరెల్లా చీజ్‌ను వేలెడంత ముక్కలుగా కోసి, మైదా, గుడ్డు, బ్రెడ్ పొడి పూత పట్టించి, కాగిన నూనెలో వేయించి చేసే చిరుతిండి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో భోజనానికి ముందు వడ్డించే వంటకాలలో ఇది చాలా ప్రసిద్ధమైనది. వేడివేడిగా, టొమాటోతో చేసిన మారినారా సాస్‌లో ముంచుకొని తింటారు. మాంసకృత్తులు, కాల్షియం దండిగా ఉండే చీజ్ ఇందులోని ముఖ్య పదార్థం. అయితే ఒక పళ్ళెంలో చేరే ఉప్పు, సంతృప్త కొవ్వు మోతాదు కూడా ఎక్కువే. ఈ వ్యాసంలో ఆ పోషకాలు ఎంతెంత ఉంటాయో, అవి ఏయే పదార్థాల నుండి వస్తాయో, పొట్లం మీది పట్టికను ఎలా చదువుకోవాలో వివరించబడినది. (ఈ వ్యాసంలో కేలరీ అన్నచోట కిలో కేలరీ అని గ్రహించాలి.)

పేరు గూర్చి

తెలుగులో చీజ్‌ను కొందరు "జున్ను" అని అనువదిస్తారు. కాని తెలుగువారి జున్ను వేరు. ఈనిన ఆవు లేక గేదె మొదటి రోజులలో ఇచ్చే జున్నుపాలలో బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఉడికించే తీపి పదార్థం అది. చీజ్ మామూలు పాలను విరిచి, నీటిని తీసివేసి, ఉప్పు చేర్చి చేసేది. ఈ రెండింటి పోషక విలువలకు పోలిక లేదు. కనుక ఇక్కడ "చీజ్" అనే మాటే వాడబడినది.

చరిత్ర

చీజ్‌ను నూనెలోగాని, కొవ్వులోగాని వేయించడం ఐరోపాలో పాత అలవాటే. సుమారు 1393లో ఫ్రాన్సులో రాయబడిన "ల మెనాజియె ద పారి" అనే గృహ నిర్వహణ గ్రంథంలో, చీజ్ ముక్కలను గుడ్డు కలిపిన పిండిలో ముంచి వేయించే వంటకం ఒకటి కలదు. ఇటలీలోని నేపుల్స్ ప్రాంతంలో రెండు రొట్టె ముక్కల నడుమ మొజరెల్లాను పెట్టి, గుడ్డులో ముంచి వేయిస్తారు. దీనిని "మొజరెల్లా ఇన్ కరోజా" అంటారు. "బండిలో కూర్చున్న మొజరెల్లా" అని దీని అర్థం.

ఇప్పటి స్టిక్స్ మాత్రం అమెరికాలో రూపు దిద్దుకున్నవి. 1970, 1980 దశకాలలో గొలుసు రెస్టారెంట్ల ద్వారా దేశమంతటా వ్యాపించాయి. చీజ్ ముక్కలకు కర్మాగారంలోనే పూత పట్టించి, గడ్డకట్టించి, దుకాణాలకు పంపే పద్ధతి రావడంతో ఇవి ఇళ్ళలోకి, పాఠశాలల భోజనశాలలలోకి కూడా ప్రవేశించాయి.

తయారీ విధానం

స్టిక్స్‌కు సాధారణంగా తేమ తక్కువగా ఉండే మొజరెల్లాను వాడతారు. అమెరికా ప్రమాణాల ప్రకారం ఈ రకంలో తేమ 45 శాతానికి మించి, 52 శాతానికి లోబడి ఉండాలి. తేమ ఎక్కువగా ఉండే తాజా మొజరెల్లాను నూనెలో వేస్తే లోపలి నీరు ఆవిరై పూత పగిలిపోతుంది.

ముక్కలకు ముందుగా మైదా అద్ది, గిలక్కొట్టిన గుడ్డులో ముంచి, తరువాత బ్రెడ్ పొడిలో దొర్లిస్తారు. పూత దళసరిగా ఉండడానికి కొందరు ఇదే పనిని రెండు సార్లు చేస్తారు. ఆపైన ముక్కలను గడ్డకట్టించి, 175 నుండి 190 డిగ్రీల సెల్సియస్ వేడిగల నూనెలో ఒకటి రెండు నిమిషాలు మాత్రమే వేయిస్తారు. పైపూత ఎర్రబడేసరికి లోపలి చీజ్ మెత్తబడి సాగుతుంది. అంతకు మించి ఉంచితే చీజ్ కరిగి బయటికి కారిపోతుంది.

మొజరెల్లా ఇలా సాగడానికి కారణం అందులోని కేసిన్ అనే మాంసకృత్తి. కేసిన్ అణువులను కాల్షియం ఒకదానితో ఒకటి కట్టి ఉంచుతుంది. వేడి తగిలినప్పుడు ఈ కట్లు కొంత సడలి, చీజ్ తీగలుగా సాగుతుంది. మన పనీరు ఇలా కరగదు. నిమ్మరసం వంటి పులుపుతో పాలను విరిచినప్పుడు కేసిన్‌ను అంటిపెట్టుకున్న కాల్షియంలో చాలా భాగం విరుగుడు నీటిలోకి పోతుంది. అందుచేత పనీరు ముక్క నూనెలో ఎర్రగా వేగుతుందే గాని సాగదు.

పోషక విలువలు

తేమ తక్కువగా ఉండి, కొంత వెన్న తీసిన పాలతో చేసిన మొజరెల్లాను, రెస్టారెంటులో వేయించిన మొజరెల్లా స్టిక్స్‌ను పోల్చి చూపే పట్టిక ఇది. అంకెలన్నీ 100 గ్రాములకు, సుమారుగా ఇవ్వబడినవి. తయారీదారును బట్టి, పూత మందాన్ని బట్టి ఇవి మారుతూ ఉంటాయి.

పోషకం | మొజరెల్లా చీజ్ | వేయించిన స్టిక్స్
శక్తి | 300 కేలరీలు | 325 కేలరీలు
మాంసకృత్తులు | 24 గ్రా. | 15 గ్రా.
మొత్తం కొవ్వు | 20 గ్రా. | 18 గ్రా.
సంతృప్త కొవ్వు | 12 గ్రా. | 7 గ్రా.
పిండిపదార్థాలు | 5 గ్రా. | 26 గ్రా.
కాల్షియం | 700 మి.గ్రా. | 350 మి.గ్రా.
సోడియం | 650 మి.గ్రా. | 800 మి.గ్రా.

ఈ పట్టికను పైపైన చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నూనెలో వేయించినా శక్తి పెద్దగా పెరగలేదు, కొవ్వు కొంచెం తగ్గింది కూడా. దీనికి కారణం కాల్షియం వరుసలో ఉంది. కాల్షియం దాదాపు అంతా చీజ్ నుండే వస్తుంది. అది 700 నుండి 350కి, అంటే సగానికి తగ్గింది. కనుక 100 గ్రాముల స్టిక్స్‌లో చీజ్ ఇంచుమించు 50 గ్రాములే. తక్కిన సగం మైదా, బ్రెడ్ పొడి, గుడ్డు, నూనె.

ఈ లెక్కను మిగిలిన వరుసలకు కూడా అన్వయించవచ్చు. 50 గ్రాముల చీజ్ నుండి వచ్చే కొవ్వు 10 గ్రాములు. మొత్తం 18 గ్రాములు కనుక మిగిలిన 8 గ్రాములు ముఖ్యంగా నూనె నుండి వచ్చినవే. 50 గ్రాముల చీజ్ నుండి వచ్చే మాంసకృత్తులు 12 గ్రాములు. తక్కిన 3 గ్రాములు పిండి, గుడ్డు ఇచ్చినవి. 50 గ్రాముల చీజ్ నుండి వచ్చే సోడియం 325 మిల్లీగ్రాములు. మిగిలిన 475 మిల్లీగ్రాములు పూతలో కలిపిన ఉప్పు, మసాలాల నుండి వచ్చాయి. అంటే ఈ చిరుతిండిలో సగానికి పైగా ఉప్పు చీజ్‌లో గాక దాని పైపూతలో ఉందన్నమాట.

మాంసకృత్తులు, కాల్షియం

చీజ్‌లోని మాంసకృత్తులు మేలైనవి. శరీరానికి అత్యవసరమైన అమైనో ఆమ్లాలన్నీ అందులో ఉంటాయి. భాస్వరం, జింకు, విటమిన్ ఎ, విటమిన్ బి12 కూడా లభిస్తాయి. మాంసాహారం తీసుకోని వారికి బి12 దొరికే మార్గాలు కొద్ది. వాటిలో పాల పదార్థాలు ముఖ్యమైనవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం పెద్దవారికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. మూడు స్టిక్స్ (సుమారు 90 గ్రాములు) తింటే అందులో దాదాపు మూడో వంతు లభిస్తుంది.

పీచు పదార్థం మాత్రం స్వల్పం. విటమిన్ సి లేనట్లే లెక్క. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెర మొజరెల్లాలో చాలా తక్కువ. పాలు పడని వారిలో కొందరు దీనిని ఇబ్బంది లేకుండా తినగలుగుతారు.

కొవ్వు

పాల కొవ్వులో సంతృప్త కొవ్వు ఆమ్లాల పాలు ఎక్కువ. ఇవి రక్తంలో చెడు కొలెస్టరాల్‌గా పేర్కొనే ఎల్.డి.ఎల్.ను పెంచుతాయి. అమెరికా ఆహార పట్టికలలో రోజుకు సంతృప్త కొవ్వు ప్రమాణం 20 గ్రాములు. మూడు స్టిక్స్‌తోనే 6 గ్రాములకు పైగా అందుతుంది.

పూత పీల్చుకునే నూనెలో చాలా భాగం వేగుతున్నప్పుడు గాక, నూనె నుండి తీసిన తరువాత లోపలికి పోతుంది. వేగేటప్పుడు పూతలోని నీరు ఆవిరిగా బయటికి తోసుకు వస్తుంటుంది కనుక నూనె అంతగా చొరబడలేదు. తీసి చల్లార్చే సమయంలో ఆవిరి తగ్గి, పైకి అంటుకున్న నూనెను పూత లోనికి లాక్కుంటుంది. బజ్జీలు, పకోడీలు వేయించేవారు బాణలి నుండి తీయగానే చిల్లుల గరిటెలో ఉంచి నూనె ఓడ్చడంలో ఉన్న ప్రయోజనం ఇదే. నూనె సరిగా కాగకపోయినా, ఒకేసారి ఎక్కువ ముక్కలు వేసినా ఆవిరి బలంగా వెలువడక వేపుడు నూనె కారుతుంటుంది.

ఒకప్పుడు ఇటువంటి వేపుళ్ళకు పాక్షికంగా హైడ్రోజనీకరణం చేసిన నూనెలు వాడేవారు. వాటిలోని ట్రాన్స్ కొవ్వు గుండెకు హానికరమని తేలడంతో, అమెరికా ఆహార ఔషధ సంస్థ 2015లో వాటిని సురక్షిత పదార్థాల జాబితా నుండి తొలగించింది. ఆ నిర్ణయం 2018 జూన్ నుండి అమలులోకి వచ్చింది. భారతదేశంలో నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించరాదన్న నియమం 2022 జనవరి నుండి అమలవుతున్నది. వాడిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచడాన్ని అదుపు చేయడానికి, చెడిన నూనెలో పోగయ్యే ధ్రువ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనెను వాడరాదని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 జూలై నుండి నియమం పెట్టింది.

ఉప్పు

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దవారు రోజుకు 5 గ్రాముల కన్న తక్కువ ఉప్పు తీసుకోవాలి. ఇది 2000 మిల్లీగ్రాముల సోడియంతో సమానం. సోడియం మిల్లీగ్రాములను 400తో భాగిస్తే ఉప్పు ఎన్ని గ్రాములో తెలుస్తుంది.

ఒక స్టిక్ సుమారు 28 నుండి 30 గ్రాములు ఉంటుంది. రెస్టారెంటులో ఒక పళ్ళెంలో ఏడు ముక్కలు వడ్డించారనుకుంటే అది సుమారు 200 గ్రాములు. పై పట్టిక ప్రకారం అందులో 650 కేలరీలు, 36 గ్రాముల కొవ్వు, 1600 మిల్లీగ్రాముల సోడియం ఉంటాయి. సోడియాన్ని 400తో భాగిస్తే 4 గ్రాముల ఉప్పు. భోజనం ఇంకా మొదలు కాకముందే ఆ రోజుకు తగిన ఉప్పులో ఐదింట నాలుగు వంతులు అయిపోయినట్లే.

ఆవకాయ తినేవారికి ఉప్పు తింటున్నామన్న సంగతి నాలుకకే తెలుస్తుంది, కనుక అన్నంలో కొద్దిగా కలుపుకుంటారు. మొజరెల్లా స్టిక్స్‌లో ఉప్పు అలా ఎత్తి చూపినట్లు తెలియదు. అందుచేత అధిక రక్తపోటు, మూత్రపిండాల వ్యాధి, గుండె జబ్బు ఉన్నవారు ఈ వంటకం విషయంలో కేలరీల కన్న ముందు సోడియం అంకెను చూసుకోవాలి.

నంజుకునే సాస్‌లు

మారినారా సాస్ ముఖ్యంగా టొమాటో కనుక అందులో కేలరీలు తక్కువ. పావు కప్పు సాస్‌లో సుమారు 30 నుండి 40 ఉంటాయి. అయితే అందులో 200 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉండవచ్చు. మజ్జిగ, మయొనీస్‌లతో చేసే ర్యాంచ్ సాస్ ఇందుకు భిన్నమైనది. రెండు పెద్ద చెంచాల ర్యాంచ్‌లో సుమారు 130 కేలరీలు, 13 గ్రాముల కొవ్వు ఉంటాయి. కేలరీల లెక్కలో ఇది ఒకటిన్నర స్టిక్ తిన్నదానితో ఇంచుమించు సమానం.

పట్టికను చదివే విధానం

పొట్లం మీద ఇచ్చే అంకెలు "ఒక వడ్డన"కు సంబంధించినవి. గడ్డకట్టించి అమ్మే స్టిక్స్ పొట్లాలపై ఒక వడ్డన అంటే సాధారణంగా రెండు మూడు ముక్కలే. ఆరు ముక్కలు తినేవారు అంకెలను రెట్టింపు, మూడు రెట్లు చేసుకోవాలి.

పట్టికలో కుడివైపున రోజువారీ ప్రమాణంలో ఎంత శాతమో ఇస్తారు. 5 శాతం, అంతకు లోపు ఉంటే తక్కువ అని, 20 శాతం, అంతకు మించితే ఎక్కువ అని అమెరికా ఆహార ఔషధ సంస్థ చెప్పిన సులభ సూత్రం. ఆ దేశపు ప్రమాణాలు సోడియంకు 2300, కాల్షియంకు 1300 మిల్లీగ్రాములు. మూడు స్టిక్స్‌లో కాల్షియం సుమారు 24 శాతం, సోడియం సుమారు 31 శాతం, సంతృప్త కొవ్వు 30 శాతానికి పైగా వస్తాయి. కోరదగిన పోషకమూ, మితంగా తీసుకోవలసినవీ ఒకే పళ్ళెంలో "ఎక్కువ" కోవలోనే ఉన్నాయి. "కాల్షియం పుష్కలం" అన్న ప్రకటన నిజమే కావచ్చు గాని, అది సగం నిజమే.

ట్రాన్స్ కొవ్వు ఒక వడ్డనలో అర గ్రాము కన్న తక్కువైతే సున్న అని రాసే వీలు అమెరికా నియమాలలో ఉంది. ఇరవై లేక అంతకన్న ఎక్కువ శాఖలు ఉన్న గొలుసు రెస్టారెంట్లు పదార్థాల పట్టికలో కేలరీలు ముద్రించాలన్న నియమం 2018 మే నుండి అమలులో ఉంది. సోడియం, కొవ్వు వివరాలు మాత్రం అడిగితేనే రాతపూర్వకంగా ఇస్తారు. కనుక వాటిని అడిగి తెలుసుకోవలసి ఉంటుంది.

నూనెలో వేయించకుండా వండితే

ఇంట్లో చీజ్‌కు పూత పట్టించి, నూనెలో వేయకుండా పొయ్యిపెట్టెలోనో, వేడిగాలితో వేయించే ఎయిర్ ఫ్రయర్‌లోనో వండితే 100 గ్రాములకు సుమారు 8 గ్రాముల నూనె, అంటే 70 కేలరీలు తగ్గుతాయి. అయితే గడ్డకట్టించి అమ్మే స్టిక్స్‌లో చాలా వాటిని కర్మాగారంలోనే ఒకసారి నూనెలో కొంతవరకు వేయించి ఉంటారు. వాటిని ఎయిర్ ఫ్రయర్‌లో పెట్టినా ఆ నూనె ముందే లోపల ఉంటుంది. ఏ పద్ధతిలో వండినా చీజ్‌లోని కొవ్వు, ఉప్పు మారవు. పూతలో ఉప్పు వేయకుండా ఇంట్లో చేసుకుంటే, పై లెక్క ప్రకారం సోడియం సగానికి పైగా తగ్గుతుంది. నూనె తగ్గించడం కన్న ఇది పెద్ద లాభం.

ఇతర దేశాల చీజ్ వేపుళ్ళు

* చెడ్డర్ కర్డ్స్: అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు ప్రత్యేకత. తాజా చెడ్డర్ గడ్డలను జారు పిండిలో ముంచి వేయిస్తారు. చెడ్డర్‌లో 100 గ్రాములకు 400 కేలరీలు, 33 గ్రాముల కొవ్వు ఉంటాయి కనుక ఇవి మొజరెల్లా కన్న బరువైనవి.
* స్మజెనీ సీర్: చెక్ దేశంలో ఎడామ్ వంటి చీజ్ పలకను పూత పట్టించి వేయిస్తారు. బంగాళాదుంపలు, టార్టార్ సాస్‌తో కలిపి పూర్తి భోజనంగా తింటారు.
* సగనాకి: గ్రీసు దేశపు వంటకం. గట్టి చీజ్ ముక్కకు పలచగా పిండి అద్ది, చిన్న పెనం మీద వేయించి నిమ్మరసం పిండుతారు. పూత తక్కువ కనుక పిండిపదార్థాలు తక్కువ.
* హలూమి: సైప్రస్ దేశపు చీజ్. పెనం మీద కరగదు కనుక పూత అవసరం లేదు. ఉప్పునీటిలో నిలవ చేస్తారు కనుక సోడియం చాలా ఎక్కువ.
* పనీర్ పకోడి: భారతదేశంలో పనీరు ముక్కలను శనగపిండి జారులో ముంచి వేయిస్తారు. పనీరు తయారీలో సాధారణంగా ఉప్పు కలపరు. పిండిలో వేసే ఉప్పు వండేవారి చేతిలో ఉంటుంది. కనుక ఈ కోవలోని వంటకాలలో సోడియాన్ని సులభంగా అదుపులో ఉంచుకోగలిగినది ఇదే.

శాకాహారులు, పడనివారు గమనించవలసినవి

అమెరికాలో నివసించే, పర్యటించే తెలుగు శాకాహారులకు రెస్టారెంటు పట్టికలో మాంసం లేని వంటకంగా మొదట కనిపించే వాటిలో మొజరెల్లా స్టిక్స్ ఒకటి. కాని రెండు విషయాలు తెలుసుకోవాలి. మొదటిది, పైపూతలో గుడ్డు ఉండవచ్చు. రెండవది, పాలను విరిచే రెన్నెట్. సంప్రదాయ రెన్నెట్‌ను లేగదూడల పొట్ట నుండి తీస్తారు. సూక్ష్మజీవుల ద్వారా తయారయ్యే కైమోసిన్‌కు అమెరికాలో 1990లో అనుమతి లభించింది. నేడు ఎక్కువ చీజ్‌లలో దానినే వాడుతున్నారు. అయితే పొట్లం మీద చాలాసార్లు "ఎంజైములు" అని మాత్రమే రాస్తారు కనుక అవి ఎక్కడివో తెలియదు. పట్టింపు ఉన్నవారు తయారీదారును అడిగి తెలుసుకోవాలి. భారతదేశంలో అమ్మే పొట్లాలపై ఆకుపచ్చ గుర్తు ఉంటే అందులో గుడ్డు లేనట్లే.

గోధుమలోని గ్లూటెన్ పడనివారు, పాల మాంసకృత్తులు లేక గుడ్డు పడనివారు వీటిని తినరాదు. మధుమేహం ఉన్నవారు చీజ్ వంటకమే కదా అని పిండిపదార్థాలను లెక్కలోకి తీసుకోకపోవడం పొరపాటు. ఏడు ముక్కలలో 50 గ్రాములకు పైగా పిండిపదార్థాలు ఉంటాయి. ఇవి చాలా వరకు మైదా, బ్రెడ్ పొడి నుండి వచ్చినవే.

మోతాదు

ఒక పళ్ళెం మొజరెల్లా స్టిక్స్ నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి ఒకటి రెండు ముక్కలు వస్తాయి. రెండు ముక్కలలో సుమారు 190 కేలరీలు, 200 మిల్లీగ్రాముల కాల్షియం, 1.2 గ్రాముల ఉప్పు ఉంటాయి. ఆరోగ్యవంతులకు అప్పుడప్పుడు ఈ మోతాదు వలన ఇబ్బంది లేదు. అదే పళ్ళెం ఒక్కరే తింటే ఒక పూట భోజనానికి సరిపడే శక్తి, దాదాపు రోజుకు సరిపడే ఉప్పు అందుతాయి.